బిందెలో చీటీకి సంజాయిషీ

యాళ్ల ఏడుకొండలుకి వచ్చిన మెమోలో మూడు ప్రశ్నలున్నాయి. ఒకటి: ముప్పై ఒకటో నెంబరు నుంచి ముప్పై ఏడో నెంబరు వరకు వరసగా ఏడుగురు రోగులకు ఒకటో జట్టు ఎందుకు వచ్చినది? రెండు: ఎవరి ఉత్తర్వుల మేరకు వచ్చినది? మూడు: ఎవరి ఉత్తర్వులూ లేకుండా వచ్చిన పక్షంలో, అలా ఉత్తర్వులు లేకుండా వచ్చుటకు అనుమతించిన అధికారి ఎవరు?

మూడు రోజుల్లో సంతృప్తికరమైన సంజాయిషీ ఇవ్వకపోతే మునగలంక ఆరోగ్య కేంద్రానికి బదిలీ. రికార్డుల్లో అది మునగలంక. రికార్డులు చదివే అలవాటు గోదావరికి లేదు గనక ఏటా ఓసారి మునిగేలంక. పడవెక్కితే తప్ప అక్కడికి దారి లేదు. ఏడుకొండలుకి ఈత రాదు. ఈత సంగతి అలా ఉంచండి, స్నానానికి బకెట్టు నిండా నీళ్లు పెడితే, ఓసారి లోపలికి తొంగి చూసి, సగం పారబోసి, అప్పుడు చెంబు ముంచే మనిషి. బదిలీలో 'ది' తీసేస్తే మిగిలేది బలీ అని అతనికి ఆ క్షణంలోనే తట్టింది.

ఇంతకీ ఇదంతా ఒక బిందె వల్ల వచ్చింది.

ఊరి పేరు మందపాడు. మందులు పాడయ్యేది ఆసుపత్రి గోడౌనులో, దానికీ ఊరి పేరుకీ సంబంధం లేదు. ఆ ఆసుపత్రికి రెండు నెలల కిందట పట్నం నుంచి డాక్టర్ నస్రీన్ అనే పరిశోధకురాలు వచ్చింది. మోకాళ్ల నొప్పులకి కొత్త మాత్ర కనిపెట్టారట, అది పనిచేస్తుందో లేదో నూట ఇరవై మంది మీద పరీక్షించాలట. సగం మందికి అసలు మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. రంగు అదే, రుచి అదే, లోపల ఏమాత్రం మందు లేని పేరుకు మాత్రమే మాత్ర. ఒకటో జట్టుకి ఏది వెళుతుందో, రెండో జట్టుకి ఏది వెళుతుందో పట్నంలో ఒక బీరువాకి తప్ప ఎవరికీ తెలియదు.

"ఎవరు ఏ జట్టో మనం ఎంచకూడదండీ," అని ఆమె స్టాఫు మీటింగులో చెప్పింది. "ఎంచామంటే తెలిసినవాళ్లని ఒక పక్కకి, గట్టివాళ్లని ఒక పక్కకి తోసేస్తాం. తర్వాత ఎవరికి తగ్గినా అది మందు గొప్పో, మనిషి గట్టితనమో తేలదు. అందుకని చీటీలు వేద్దాం. ఈ బిందెలో అరవై ఒకట్లు, అరవై రెండ్లు. కళ్లు మూసుకుని తియ్యాలి, వచ్చింది రాసుకోవాలి. అంతే. ఈ పనికి ఏమీ ఆలోచించని మనిషి కావాలి."

స్టాఫు అంతా ఒకేసారి ఏడుకొండలు వైపు చూశారు. జూనియర్ అసిస్టెంటుగా పంతొమ్మిదేళ్ల సర్వీసులో అతనికి దక్కిన మొదటి ఏకగ్రీవం అది.

నస్రీన్ అతన్ని పక్కకి పిలిచి, ఈ పరీక్షలో అందరికంటే ముఖ్యమైన మనిషివి నువ్వే, ఎందుకంటే నీకేమీ తెలియదు అని చెప్పి బిందె అప్పగించింది. ఏడుకొండలు ఆ మాట ఇంటికెళ్లి రెండుసార్లు చెప్పుకున్నాడు. రోజూ పొద్దున్నే బిందె తుడిచేవాడు. కళ్లు మూసుకోవడంలో మోసం ఉండకూడదని కళ్లజోడు కూడా తీసేసేవాడు.

తొలి రోజు, రెండో రోజు బాగానే గడిచాయి. మూడో రోజున ముప్పై ఒకటో మనిషికి ఒకటి వచ్చింది. తర్వాతి మనిషికీ ఒకటే. ఆ తర్వాతా ఒకటే. అలా ఏడుగురు. ఎనిమిదో మనిషి కొబ్బరి వర్తకుల సంఘం అధ్యక్షుడు బొండాడ సూరన్న. ముందు ఏడుగురినీ చూసి, ఇవాళ ఒకట్లే ఇస్తున్నారని ఖాయం చేసుకుని నుంచున్నాడాయన. ఏడుకొండలు చెయ్యి బిందెలోంచి బయటికొచ్చింది. చీటీలో రెండు.

"నేను రెండోవాణ్ణా?" అన్నాడు సూరన్న, మోకాలి నొప్పి మర్చిపోయి. "ఇరవై ఏళ్లుగా సంఘం పుస్తకంలో ఒకటో సంతకం నాదండీ. పెళ్లి భోజనాల్లో రెండో బంతికి కూర్చున్నవాణ్ణి కాను. నా ముందు నిలబడ్డది మా చెట్లెక్కి కాయలు దింపే కార్మికుడు. వాడు ఒకటి, నేను రెండూనా?"

జట్టు పేరుకి అర్థం లేదని, నెంబరు పెద్దదైనంత మాత్రాన మనిషి చిన్నవాడు కాడని ఏడుకొండలు చెప్పబోయాడు. ఈలోగా వెనక క్యూలో ఉన్నవాళ్లకి అర్థం దొరికేసింది: ఒకటో జట్టంటే ఫస్టు క్లాసు, రెండో జట్టంటే సెకండు క్లాసు. మోకాళ్ల పరీక్షకి మొదటి మోకాలడ్డు అక్కడ పడింది. చీటీకి చివర 'ంగు' తగిలించి, ఇది చీటింగు అని సూరన్న అర్జీ పెట్టాడు.

ఆ అర్జీ సూపరింటెండెంటు డాక్టర్ పేరిచర్ల నరసరాజు గారి బల్ల మీదికి వెళ్లింది. నరసరాజు గారు ముప్పై ఏళ్లు ఫైళ్లలో ఉండి ఉండి మామూలు మాట మర్చిపోయిన మనిషి. టీ బాగా లేకపోతే "సదరు టీ యందు చక్కెర లోపించినది" అంటారు. ఆయన అర్జీ చదివి, కింద మూడు ప్రశ్నలు రాసి, మెమో పంపారు. అధికారుల మెమోకి అర్థం ఒక్కటే: తప్పు ఎవరిదైనా, మేమో మీరో అన్న సందేహం వద్దు, మీరే.

ఏడుకొండలు మెమో పట్టుకుని హెడ్ నర్సు మేరీరత్నం దగ్గరికి పరిగెత్తాడు. మెమోల మీద ఆసుపత్రిలో ఆవిడని మించిన నిపుణులు లేరు.

"ఏదో ఒక కారణం రాసి పారెయ్యి బాబూ," అందావిడ కట్టు కడుతూనే. "నేను ఇరవై ఎనిమిదేళ్లలో పదకొండు మెమోలకి సంజాయిషీలు రాశాను. ఒక్కదాంట్లోనూ నిజం రాయలేదు, ఒక్కసారీ బదిలీ అవలేదు. నిరుడు వాచ్‌మన్ సుబ్బారాయుడు నిద్రపోయానని నిజం రాశాడు. పోయాడు. వెనకాలే ఎక్స్‌రే గురవయ్య మిషను చెడిపోయిందని నిజం రాశాడు. పోయాడు. వాళ్ల తర్వాత మెమో వచ్చింది నీకే. ఆలోచించుకో."

ఏడుకొండలు ఆలోచించుకున్నాడు. అలవాటు లేని పని గనక మధ్యాహ్నం దాకా పట్టింది. పైవారి నోటిమాట మీద చేశానని రాస్తే పైవారు నరసరాజు గారే. ఆ ఏడుగురూ మా చుట్టాలని రాస్తే జైలు. బిందెలో పైన ఒకట్లు, కింద రెండ్లు పేరుకున్నాయని రాస్తే బిందె సరిగ్గా కలపలేదన్న మాట, అంటే నస్రీనమ్మ నమ్మి ఇచ్చిన ఒక్క పనీ పాడుచేశానని తన చేత్తో తనే సంతకం పెట్టడం. అది మాత్రం అతని వల్ల కాలేదు. చివరికి తెల్లకాగితం మీద ఒకే వాక్యం రాశాడు: "యాదృచ్ఛికంగా జరిగినది."

నరసరాజు గారు ఆ మాటని మూడుసార్లు పలకబోయి, మూడుసార్లూ 'దృ' దగ్గర జారిపడ్డారు.

"సదరు యాదృచ్ఛికం అనువారు మన స్టాఫు జాబితాలో లేరు," అన్నారు. "వారు ఏ విభాగం? పర్మినెంటా, కాంట్రాక్టా?"

"మనిషి కాదండి. అలా జరిగిందని అర్థమండి."

"ప్రభుత్వ కార్యాలయమునందు అలా జరుగుట అనునది ఉండదయ్యా. జరిపించినవారు ఉందురు."

జవాబుదారీ ఎవరో తేలితే తప్ప జవాబుకి దారి లేదని, ఆయన జిల్లాకి రాశారు. జిల్లా నుంచి విచారణాధికారిగా కొల్లూరి త్రిపురసుందరి గారు, ఇద్దరు సభ్యులతో కమిటీగా దిగారు. కమిటీలో టీ ఆఖర్న ఉంటుంది గానీ మందపాడులో ముందే వచ్చింది. టీ అయ్యాక త్రిపురసుందరి గారు బిందెని బల్ల మీద పెట్టించి, నాలుగు వైపులా తిరిగి చూసి, ఒకసారి గోటితో కొట్టి చూసి, లోపల ఎవరూ లేరని నమోదు చేయించారు.

తర్వాత ఘటనని యథాతథంగా మళ్లీ జరిపించాలన్నారు. ఏడుకొండలు కళ్లజోడు తీసి, కళ్లు మూసుకుని ఏడు చీటీలు తీశాడు. ఒకటి, రెండు, రెండు, ఒకటి, రెండు, ఒకటి, ఒకటి.

"చూశారా," అన్నారావిడ సభ్యులతో. "మనం కూర్చుంటే కలగలుపుగా వస్తున్నాయి. ఆనాడు ఎవరూ కూర్చోలేదు, ఏడూ ఒకట్లే వచ్చాయి. అనగా పర్యవేక్షణ ఉన్నప్పుడు బిందె సక్రమంగా ప్రవర్తిస్తున్నది."

"ఇవాళ కూడా ఏడూ ఒకట్లే వస్తేనో అమ్మా?" అని ఏడుకొండలు ఉండబట్టలేక అడిగాడు.

"అది అలవాటుపడిన నేరం కింద వస్తుంది."

అప్పుడే రెండో సభ్యుడు ఫైలులోంచి తలెత్తి, ఉద్యోగి పేరు ఏడుకొండలు, వరస చీటీలు ఏడు, ఇది కూడా యాదృచ్ఛికమేనా అని అడిగాడు. ఏడుకి లంకె దొరికింది గనక ఇక లంక ఖాయమని ఏడుకొండలుకి కళ్లలో నీళ్లొచ్చాయి. అతనికి ఆ నీళ్లన్నా భయమే.

అయితే త్రిపురసుందరి గారు ఒక మనిషిని శిక్షించి ఊరుకునే రకం కాదు. రోగం మూలాల్లోంచి పోవాలన్నది ఆవిడ పట్టుదల. తీర్పు నెలన్నర వాయిదా వేసి, ఈలోగా యాదృచ్ఛికాన్ని ఒక క్రమశిక్షణలో పెట్టడానికి నియమావళి రాయించారు. దాని ప్రకారం యాదృచ్ఛికం పనిదినాల్లో పదిన్నర నుంచి ఒంటిగంట వరకు మాత్రమే జరగాలి. రేపు రాబోయే చీటీల వివరాలు ఇవాళ సాయంత్రమే ఆమోదానికి పెట్టాలి. ఒకే ఫలితం వరసగా రెండుసార్లకు మించి రాకూడదు. నరసరాజు గారు ఉత్సాహం పట్టలేక, ఇంత చక్కటి నియమం మోకాళ్లకే పరిమితం కావడం భావ్యం కాదు, ఆసుపత్రిలో తీసుకునే సమస్త నిర్ణయాలకూ వర్తించును అని చివర తన చేత్తో చేర్చారు. అందరూ సంతకాలు పెట్టారు.

ఇక అప్పీలు. వచ్చిన చీటీ నచ్చనివాళ్లు పై కార్యాలయానికి వెళ్లి మళ్లీ తీయించుకోవచ్చు. కింది పాత్ర తీర్పుని కొట్టేసే పై పాత్ర కింది పాత్రకన్నా పెద్దదిగా ఉండాలి గదా. అందుకని పక్క వీధిలోని డివిజను కార్యాలయంలో మొదటి అంతస్తున గుండిగ, రెండో అంతస్తున కాగు, మూడో అంతస్తున గంగాళం ఏర్పాటు చేశారు. ఆ కార్యాలయానికి లిఫ్టు ఉంది గానీ ఇంకా శంకుస్థాపన దశలో ఉంది.

మందపాడు మోకాళ్లన్నీ కదిలాయి. సూరన్న మొదటి రోజే గుండిగకి వెళ్లాడు, మళ్లీ రెండు వచ్చింది. కాగుకి వెళ్లాడు, సెలవులో ఉందన్నారు. మర్నాడు వెళితే రెండు. గంగాళం దగ్గరికి ఆయన వెనక ముప్పై మంది క్యూ కట్టారు, గంగాళంలో గందరగోళం. అక్కడా రెండు వస్తే మళ్లీ కింది నుంచి మొదలుపెట్టకూడదని నియమావళిలో ఎవరూ రాయలేదు. అందుకని ఒకటి వచ్చేదాకా ఎక్కడం, దిగడం, మళ్లీ ఎక్కడం. ఒకటి వచ్చినవాళ్లు అప్పీలుకి వెళ్లరు. రెండు వచ్చినవాళ్లు ఆగరు. ఆ విధంగా రోజురోజుకీ రెండో జట్టు కరిగి ఒకటో జట్టులో కలుస్తూ వచ్చింది. ఒకటో జట్టు సీసాలు అయిపోతే స్టోరు కీపరు రెండో జట్టు సీసాల మీద 'అదనపు ఒకటి' అని కొత్త కాగితాలు అంటించాడు.

ఏడుకొండలు మాత్రం ఈ నెలన్నరా తన బిందె దగ్గరే కూర్చుని, ముందురోజు సాయంత్రం ఆమోదం పొందిన చీటీలని మర్నాడు పొద్దున కళ్లు మూసుకుని తీస్తూ వచ్చాడు. కళ్లు మూసుకోవలసిన అవసరం లేదని మేరీరత్నం చెప్పింది. అయినా మూసుకున్నాడు. నస్రీనమ్మ అలా చెప్పింది గదా.

నెలన్నర తర్వాత నస్రీనమ్మ ఫలితాలు చూడటానికి వచ్చింది. పుస్తకం తెరిచింది. ఒకటో జట్టులో నూట పదిహేడు మంది, రెండో జట్టులో ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకాయనకి చెముడు, అప్పీళ్ల సంగతి వినపడలేదు. ఒకావిడ పురిటికని కూతురి దగ్గరికెళ్లింది. మూడో మనిషికి రెండు అచ్చొచ్చిన నెంబరట. నస్రీన్ పుస్తకం మూసి, ఏడుకొండలు తెచ్చిన మంచినీళ్లు తాగి, మళ్లీ తెరిచింది. అంకెలు మారలేదు.

మోకాళ్లన్నా చూద్దామని అందరినీ పిలిపించింది. విచిత్రమేమిటంటే మొదటి రోజే ఒకటి తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని, వేళకి మాత్ర మింగినవాళ్ల మోకాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. అప్పీలుకి తిరిగినవాళ్లు చకచకా నడిచొచ్చారు. సూరన్న అయితే గంగాళం దాకా పంతొమ్మిదిసార్లు ఎక్కి దిగాడు. ఆయన బల్ల ముందు గొంతుక్కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేచి చూపించాడు. మాత్ర ఎలా పనిచేసిందని నస్రీన్ అడిగింది.

"మాత్రలెక్కడ వేసుకున్నానండీ," అన్నాడు సూరన్న. "ఒకటో జట్టు సీసా వచ్చాక మొదలెడదామని అట్టే పెట్టాను. నిన్ననే వచ్చింది."

నస్రీన్ చాలాసేపు నవ్వింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపు ఉందేమోనని ఏడుకొండలుకి అనుమానమొచ్చింది. పోతూ పోతూ ఆవిడ అతన్ని అడిగింది, తొలి మూడు రోజులూ చీటీలు నిజంగా కళ్లు మూసుకునే తీశావా అని. కళ్లజోడు కూడా తీసేశానమ్మా అన్నాడు. "అయితే ఈ పుస్తకంలో నిఖార్సైన పేజీలు ఆ మూడు రోజులవే," అని, ఏడు ఒకట్లున్న పేజీని ఫొటో తీసుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే తీర్పు. కమిటీ కూర్చుంది. మునగలంకకి 'సదరు ఉద్యోగి' వస్తున్నాడని ఉత్తర్వు నెంబరు వేసి మరీ ముందే పంపేశారు. ఇక చదివి వినిపించడమే తరువాయి. త్రిపురసుందరి గారు ఆఖరిగా చెప్పుకునేదేమన్నా ఉందా అని అడిగారు.

ఏడుకొండలు తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర మేరీరత్నం నిలబడి, రెండు వేళ్లు చూపిస్తోంది. వాచ్‌మన్ ఒకటి, ఎక్స్‌రే రెండు అని పొద్దుట్నించి నూరిపోసిందావిడ.

"ఉందండి," అన్నాడతను. "ఈ ఆసుపత్రిలో నా ముందు మెమోలు వచ్చింది సుబ్బారాయుడికి, గురవయ్యకి అండి. ఇద్దరికీ బదిలీ అయింది. నాక్కూడా బదిలీ అయితే వరసగా మూడోసారి ఒకే ఫలితం వస్తుందండి. రెండుసార్లకు మించి రాకూడదని తమరే నియమం పెట్టారు. మోకాళ్లకే కాదు, సమస్త నిర్ణయాలకూ అని సూపరింటెండెంటు గారు చేర్చారండి."

నియమావళి తెప్పించారు. అటు తిప్పి చదివారు, ఇటు తిప్పి చదివారు. ఎటు చదివినా నరసరాజు గారి దస్తూరీ గుండ్రంగా, స్పష్టంగా ఉంది. ఏడు ఒకట్లు వచ్చాయని విచారణ జరిపిన కమిటీ మూడు బదిలీలు ఎలా చేస్తుంది? ఏడుకొండలుకి బదిలీ లేదని రాయక తప్పలేదు.

కానీ ఉత్తర్వు ఉంది. నెంబరు పడ్డ ఉత్తర్వుని రద్దు చేస్తే ఎందుకు రద్దు చేశారో కమిటీ సంజాయిషీ ఇచ్చుకోవాలి. 'సదరు ఉద్యోగి' ఎవరో ఒకరు వెళ్లాల్సిందే. అప్పుడు నరసరాజు గారే లేచారు.

"నియమము ఎదుట అందరూ సమానులే. స్టాఫు డెబ్బై ఎనిమిది మంది పేర్లూ సదరు బిందెలో వేయవలెను. నా పేరుతో సహా," అన్నారు, కమిటీ వైపు ఓ చూపు విసిరి. డెబ్బై ఎనిమిదిలో ఒకటి అంటే ఎంత తక్కువో ఆయనకి లెక్క వచ్చు. "ఏడుకొండలూ, కళ్లు మూసుకో."

ఏడుకొండలు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. చీటీ తీసి, చదవలేక, తలుపు దగ్గర్నించి పక్కకొచ్చి నుంచున్న మేరీరత్నానికి ఇచ్చాడు. ఆవిడ విప్పింది, చదివింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కమిటీకి అందించింది.

నరసరాజు గారు ముందు నమ్మలేదు. "డెబ్బై ఎనిమిది పేర్లుండగా నా పేరే ఎందుకు వచ్చినది? ఇది ఎవరి..." అని ఆగారు. తర్వాతి మాటలు మెమోలో ఆయన తన చేత్తో రాసినవే.

"యాదృచ్ఛికంగానండి," అన్నాడు ఏడుకొండలు మెల్లగా. "కావాలంటే రాసిస్తానండి."

మూడో రోజు పొద్దున రేవులో స్టాఫంతా నిలబడి సాగనంపారు. ఏడుకొండలు దండ తెచ్చాడు గానీ నీళ్లకి ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయి, అక్కణ్ణించి దాన్ని చేతులు మార్చి మార్చి ముందుకి పంపించాడు. పడవలో పెరుగు కుండలు, అరటి గెలలు, పది మంది జనం. నరసరాజు గారు చూసుకుని నీడ పట్టున కూర్చున్నారు. పడవ సరంగు గడ అందుకుంటూ జనాన్ని ఓసారి చూసి, ఎవరి పేరూ అడగకుండా, మీరిటు, మీరటు అని చేత్తో పంచేస్తూ వచ్చి, ఆయన దగ్గర ఆగాడు.

"తమరు అటేపు రండి బాబూ, ఎండవైపుకి."

నరసరాజు గారు నిటారుగా అయ్యారు. "సదరు ఎండవైపున నేనే ఎందుకు కూర్చోవలెను? ఇది ఎవరి ఉత్తర్వు?"

సరంగు తలెత్తలేదు. గడ నీళ్లలో దించి, ఒరుగుతున్న పడవని పాదంతో తూచి చూసుకుంటూ చెప్పాడు.

"గోదారిదండి, ఆయ్."

నరసరాజు గారు లేచి, పెరుగు కుండలు దాటుకుంటూ వెళ్లి, అటేపు కూర్చున్నారు.